పదిలో తొమ్మిది కుటుంబాలు పనిలో ఉన్నాయట! అమెరికా రాష్ట్రాలు పంపే సంక్షేమ లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు?

#1 నీటిబొట్టు

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తున్నాను. పిల్లలున్న పేద కుటుంబాలకు నగదు సాయం ఇచ్చే టానిఫ్ పథకం మీద ఒక పేపరు రాయాలి. సాయం తీసుకునే తల్లిదండ్రులు ఏదో ఒక పనిలోనో, పనికి దారితీసే శిక్షణలోనో ఉండాలన్నది ఈ పథకం షరతు. ఎన్ని కుటుంబాలు ఆ షరతు నెరవేర్చాయో ప్రతి రాష్ట్రమూ ఫెడరల్ ప్రభుత్వానికి లెక్క పంపుతుంది.

ఆ పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే ఏమీ పాలుపోవడం లేదు. ఒక రాష్ట్రంలో పది కుటుంబాలకు తొమ్మిది పనిలో ఉన్నట్టు కనిపిస్తోంది. మరో రాష్ట్రంలో రెండు కూడా లేవు. రెండు చోట్లా చట్టం ఒకటే. రాష్ట్రాలకు ర్యాంకులు ఇచ్చి, పై వరసలో ఉన్నవి ఏం చేస్తున్నాయో వివరిద్దామనుకున్నాను. మా ప్రొఫెసరు మాత్రం, ఆ అంకె ఎలా పుట్టిందో ముందు చూసి రమ్మన్నారు. ఈ రంగం తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరా?

#2 చలిమంట

తమ మార్కులు తామే వేసుకుని పంపే లెక్కలవి. కాకిలెక్కలు. వేరే అంశం ఎంచుకోండి.

#3 లెక్కల మాస్టారు

చలిమంట గారూ, కాకిలెక్క అని తేల్చేయడానికైనా అది ఎలా వేశారో తెలియాలి కదా.

నీటిబొట్టు గారూ, 1996 నుంచి మొదలుపెట్టండి. ఆ ఏడాది ఆగస్టులో క్లింటన్ సంతకం చేసిన చట్టంతో పాత నగదు సాయం పథకం పోయి టానిఫ్ వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం ఏటా దాదాపు 1,650 కోట్ల డాలర్లను రాష్ట్రాలకు పంచి, ఖర్చులో చాలా స్వేచ్ఛ ఇచ్చింది. బదులుగా ఒక లక్ష్యం పెట్టింది. మొత్తం కుటుంబాల్లో 50 శాతం, తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్న కుటుంబాల్లో 90 శాతం నిర్ణీత గంటలు పనిలో ఉండాలి. లక్ష్యం తప్పితే రాష్ట్రానికి వచ్చే సొమ్ములో 5 శాతం కోత. వరసగా తప్పుతూ పోతే అది 21 శాతం వరకు పెరుగుతుంది.

అసలు కిటుకు ఆ తర్వాతి వాక్యంలో ఉంది. 1995తో పోలిస్తే సాయం పొందే కుటుంబాల సంఖ్య ఎంత శాతం తగ్గితే, లక్ష్యంలో అంత శాతం మినహాయింపు. 2000 నాటికి దేశం మొత్తం మీద ఆ సంఖ్య సగానికి పైగా పడిపోయింది. అంటే చాలా రాష్ట్రాలు అందుకోవలసిన లక్ష్యం సున్నా, లేదా దానికి దగ్గర. ఇక ఒక్కొక్క కుటుంబం గంటలూ సేకరించి, సరిచూసి, నమోదు చేయవలసిన అవసరం ఎవరికుంది? మీ పట్టికలో పది, పదిహేను శాతం చూపించిన రాష్ట్రంలో మనుషులు పని చేయడం లేదని అర్థం కాకపోవచ్చు. లెక్క రాసుకోవలసిన పని ఆ రాష్ట్రానికి పడలేదని కావచ్చు.

కుటుంబాలు ఎందుకు తగ్గాయో కూడా మినహాయింపు లెక్కలోకి పెద్దగా రాదు. ఉద్యోగం దొరికి వెళ్లినా, దరఖాస్తు గడప దగ్గరే విసిగి వెనక్కి మళ్లినా తగ్గుదల తగ్గుదలే.

#4 పల్లెపిల్ల

ఒక చిన్న సందేహం. "పని" అంటే ఉద్యోగమేనా? అన్ని రాష్ట్రాలకూ ఒకే నిర్వచనం ఉందా?

#5 లెక్కల మాస్టారు

చట్టం పన్నెండు రకాల కార్యకలాపాలను పేర్కొంది. ఉద్యోగం, ఉద్యోగ వెతుకులాట, సమాజ సేవ, వృత్తి శిక్షణ వగైరా. ఒక్కొక్క దాని కింద ఏమేమి వస్తాయో మాత్రం మొదటి పదేళ్లూ రాష్ట్రాలకే వదిలేశారు. 2005లో, కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే జీఏవో పది రాష్ట్రాలను పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. ఏ రెండు రాష్ట్రాల అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చే పరిస్థితి లేదని దాని సారాంశం. కొన్ని చోట్ల మంచం మీద విశ్రాంతి, మసాజ్, వ్యాయామం, డైరీ రాసుకోవడం, బంధువులకు ఇంటిపనిలో సాయపడటం కూడా పని గంటల్లో చేరాయి. కొన్ని రాష్ట్రాలు గంటలకు కాగితం చూపించమన్నాయి, కొన్ని అడగలేదు.

ఆ తర్వాతే చట్టం బిగిసింది. పోలిక సంవత్సరం 1995 నుంచి 2005కి మారింది. పన్నెండు కార్యకలాపాలకూ ఫెడరల్ నిర్వచనాలు వచ్చాయి. గంటలను ఎలా సరిచూస్తారో ప్రతి రాష్ట్రమూ ఒక ప్రణాళిక రాసి ఆమోదం పొందాలన్నారు. ఇవి 2006 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చాయి. కాబట్టి మీ పేపరులో 2006కు ముందూ తర్వాతా ఒకే గీతగా గీయకండి.

#6 పల్లెపిల్ల

మసాజ్! చేయించుకున్నవారికా, చేసినవారికా గంటలు?

#7 చలిమంట

నేను అన్నదీ అదే కదా.

#8 డేటా దాసు

నేను రాయవలసిన చర్చ ఇది. రాష్ట్ర ప్రభుత్వాల అర్హత నిర్ధారణ కంప్యూటర్ వ్యవస్థలు కట్టేది, నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు కంపెనీలే. వాటిలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. నేనూ అలాంటి ఒక ప్రాజెక్టులో ఉండేవాణ్ని. రాష్ట్రం పేరు చెప్పను.

2006 తర్వాత నిర్వచనాలు ఒకటయ్యాయి, నిజమే. అయినా అంకె ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూడండి. ఒక తల్లి లాండ్రీలో పనికి చేరుతుంది. పే స్టబ్, అంటే జీతం చీటీ, తెచ్చి ఇస్తుంది. ఆమె కేసు చూసే ఉద్యోగిని, కేస్ వర్కర్, దాన్ని స్కాన్ చేసి, రెండు వారాల గంటలను తెర మీద టైపు చేస్తుంది. వ్యవస్థ దాన్ని వారానికి సగటు చేస్తుంది. ఒంటరి తల్లికి ఆరేళ్ల లోపు బిడ్డ ఉంటే వారానికి 20 గంటలు చాలు, లేకపోతే 30. ఇక్కడి దాకా బాగానే ఉంది. మామూలు ఉద్యోగమైతే, ఒకసారి చూపించిన గంటలనే ముందుకు ఆరు నెలల వరకు అంచనాగా నమోదు చేసుకోవచ్చని నిబంధన ఉంది. ప్రతి నెలా కాగితాలు అడిగి వేధించకుండా పెట్టిన మంచి వెసులుబాటు అది. ఆమెను రెండో నెలలో పనిలోంచి తీసేశారనుకోండి. ఫోను కట్ అయింది, కబురు ఎవరికీ రాలేదు. మా డేటాబేసులో ఆమె ఆరో నెల దాకా లాండ్రీలో బట్టలు ఉతుకుతూనే ఉంటుంది.

ఇప్పుడు పక్క వీధిలో మరొకామె. మూడిళ్లలో పాచిపని చేస్తుంది. చేతికి నగదు ఇస్తారు. వారానికి నలభై గంటలు ఒళ్లు హూనం చేసుకుంటుంది. సంతకం పెట్టిన కాగితం ఇవ్వడానికి ఆ ఇళ్లవాళ్లకు మనసొప్పదు. ఆమె గంటలు సున్నా. ఇద్దరి వివరాల్లోనూ ఎవరూ అబద్ధం టైపు చేయలేదు.

త్రైమాసికం ముగిశాక 45 రోజుల్లో నివేదిక వెళ్లాలి. చివరి వారాల్లో మాకు వచ్చే పని ఎప్పుడూ ఒకటే. లక్ష్యానికి కొద్దిగా తగ్గిన కుటుంబాల జాబితా తీసి కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి వాటికి, పంపడం. వాళ్లు ఆ కేసులకే మళ్లీ ఫోన్లు చేసి, మిగిలిపోయిన గంటలు, సెలవు గంటలు వెతికి చేర్చేవారు. సెలవులకు కూడా నిబంధన ఉంది లెండి, ఏడాదికి పది పండుగ రోజులు, వాటికి తోడు 80 గంటలు. లక్ష్యం దాటిన కేసుల్లో గంటలు ఎక్కువ పడ్డాయేమో వెతకమని జాబితా అడిగినవారు నాకు గుర్తున్నంతలో ఎవరూ లేరు. తప్పులు వెతికే చెయ్యి ఒకే వైపు తిరుగుతుంటే, ఒక్క దొంగ రాత కూడా లేకుండానే అంకె పైకి పోతుంది.

#9 గోరింటాకు

డేటా దాసు గారు "కేస్ వర్కర్ టైపు చేస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ కుర్చీలో నేనున్నాను, ఒక కౌంటీ కార్యాలయంలో. మీ జాబితా ఉదయం మా పెట్టెలో పడితే ఆ రోజు ఇక మనుషులతో మాటలుండవు. టైమ్ షీటులో సూపర్‌వైజర్ సంతకం ఉంది, తేదీ లేదు. తేదీ కోసం ఆ కుటుంబానికి ఫోను చేస్తాను. ఆమె బస్సులో ఉంటుంది. వెనక పిల్ల ఏడుస్తుంటుంది. "ఈ సంతకం ఇంకోసారి పెట్టించుకు వస్తే మేనేజరు నన్ను ఏమనుకుంటాడు?" అంటుంది. ఆ ప్రశ్న నమోదు చేయడానికి తెర మీద గడి లేదు.

మీరు పంపిన జాబితాలో ఎన్నో గంటలు నిజంగా పని చేసినవే, కాగితం లేక ఆగిపోయినవే. వాటిని వెతికి చేర్చడం తప్పంటే నేను ఒప్పుకోను.

#10 డేటా దాసు

గోరింటాకు గారూ, చేర్చడం తప్పనలేదు. చేర్చడానికి చూపిన శ్రద్ధ తీసేయడానికి లేకపోవడం గురించే అన్నాను. ఆ జాబితా అడిగిన కుర్చీ మీది కాదు, నాకు తెలుసు.

#11 కృష్ణాతీరం

అందరూ గంటల దగ్గరే ఆగిపోయారు. నీటిబొట్టు గారు అడిగిన "పదికి తొమ్మిది" సంగతి వేరే ఉండవచ్చు.

కొన్ని రాష్ట్రాలు ఏం చేశాయంటే, ఎలాగూ ఉద్యోగంలో ఉండి ఆహార సాయం, అంటే స్నాప్, తీసుకుంటున్న కుటుంబాలకు నెలకు చిన్న మొత్తం టానిఫ్ పద్దు కింద ఇవ్వడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా 2014లో ప్రారంభించినది నెలకు పది డాలర్లు. ఆ పది డాలర్లతో ఆ కుటుంబం లెక్కలోకి వచ్చేస్తుంది. అప్పటికే పనిలో ఉంది కాబట్టి పనిలో ఉన్నవారి శాతం పెరుగుతుంది. నిరుద్యోగిగా ఉన్న ఒక్క తల్లికి కూడా కొత్తగా పని దొరకలేదు. అయినా పట్టిక మెరిసిపోతుంది.

చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. దాచిపెట్టి చేసిందీ కాదు. పేదవాడి చేతికి పది డాలర్లు వస్తే నాకు అభ్యంతరం లేదు కూడా. కాని దాన్ని "పనికి పంపడంలో విజయం" అని ఎవరైనా రాస్తే అది మసిపూసి మారేడుకాయ చేయడమే. 2023లో కాంగ్రెస్ దీన్ని కట్టడి చేసింది. నెలకు 35 డాలర్ల లోపు సాయం పొందే కుటుంబాలను లెక్కలోంచి తీసేయమంది. పోలిక సంవత్సరాన్ని కూడా 2015కి జరిపింది. రెండూ 2026 ఆర్థిక సంవత్సరం నుంచి.

#12 చలిమంట

ఇక 36 డాలర్లు ఇస్తారు.

#13 కృష్ణాతీరం

:) ఇవ్వవచ్చు. కాని కాలిఫోర్నియా లాంటి చోట పదిని ముప్పై ఆరు చేయడానికి బడ్జెటు గట్టిగానే కావాలి.

#14 మస్టరు రోల్

అమెరికా సంగతులు చదువుతుంటే మా ఊళ్లో కూర్చున్నట్టే ఉంది. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పని చేశాను. అక్కడ మీరు పే స్టబ్ అంటున్నారు, ఇక్కడ మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ.

తేడా ఒకటి చెప్పాలి. మా దగ్గర 2006 నుంచే తనిఖీ మొదలైంది. 2009లో దానికి వేరే సొసైటీ ఏర్పడింది. పథకం నడిపే శాఖ అధికారులు కాకుండా, కూలీల కుటుంబాల్లోంచి వచ్చిన యువకులు మస్టరు నకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "అక్కా, చెరువు పూడికతీతలో నీకు ఆరు రోజులు పడ్డాయి. వెళ్లావా? డబ్బు చేతికి వచ్చిందా?" అని చదివి వినిపిస్తారు. ఆమె "నేను ఆ వారం మా అమ్మగారి ఊళ్లో ఉన్నాను కదయ్యా" అంటే అక్కడికక్కడే రాసుకుంటాం. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు అక్కడే ఉంటాడు. గొడవలూ అవుతాయి.

మీరు చెప్పిన టానిఫ్ లెక్కలో, పని చేసిందని రాసిన మనిషినే పిలిచి "ఇది నిజమేనా?" అని అడిగే ఏర్పాటు ఎక్కడైనా ఉందా? ఇప్పటిదాకా వచ్చిన టపాల్లో అందరూ కాగితాన్ని కాగితంతోనే సరిచూస్తున్నారు.

మాది గొప్ప అని చెప్పడానికి రాయడం లేదు. తేల్చిన అక్రమాల సొమ్ములో వెనక్కి వచ్చింది కొంచెమే. తర్వాత పని చోట ఫోటో తీసి పంపే యాప్ వచ్చింది, 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. ఇక దొంగ హాజరు ఉండదన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తర్వు ఇచ్చి మోసాల రకాలు ఏకరువు పెట్టింది. పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోకే ఫోటో తీసి పంపడం, ఒకే మనుషులు పలు మస్టర్లలో కనిపించడం. మస్టరులో ఆడవాళ్లు, ఫోటోలో మగవాళ్లు. యాప్ వచ్చాక కూడా చివరికి ఆ ఫోటోలను మనిషే కూర్చుని చూడవలసి వచ్చింది.

#15 నీటిబొట్టు

మస్టరు రోల్ గారూ, మీ ప్రశ్నే నాకు పనికొచ్చేలా ఉంది. కేసు ఫైళ్లను నమూనాగా తీసి తనిఖీ చేయడం ఇక్కడ ఉంది. సాయం పొందిన మనిషి ముందు ఆ లెక్క చదవడం నేను చదివిన వాటిలో ఎక్కడా కనిపించలేదు. స్నాప్‌లో మాత్రం కుటుంబాలను నేరుగా అడిగే తనిఖీ ఉంది కదా?

#16 లెక్కల మాస్టారు

ఉంది. రాష్ట్రం కొన్ని కేసులు తీసి, ఇంటివారితో మాట్లాడి, ఇచ్చిన మొత్తం సరైనదో కాదో చూస్తుంది. వాటిలో కొన్నింటిని ఫెడరల్ ఉద్యోగులు తిరిగి చూస్తారు. కాగితం మీద టానిఫ్ కంటే ఎంతో గట్టి పద్ధతి. అదే పాడైంది!

తప్పులు తక్కువ చూపిన రాష్ట్రాలకు బహుమతి సొమ్ము ఉండేది, ఎక్కువైతే జరిమానా. కొన్ని రాష్ట్రాలు ఒక కన్సల్టెంటును పెట్టుకున్నాయి. తప్పు దొరికిన కేసును తిరగదోడి తప్పు లేనట్టు చేయడం, కుదరకపోతే నమూనాలోంచే జారవిడవడం నేర్చుకున్నాయి. వర్జీనియా, విస్కాన్సిన్ చెరి 70 లక్షల డాలర్లకు అటూ ఇటూగా కట్టి న్యాయశాఖతో రాజీ చేసుకున్నాయి. టెక్సాస్ 1.5 కోట్లకు పైగా, ఫ్లోరిడా 1.75 కోట్లు కట్టాయి. స్నాప్‌ను నడిపే ఫెడరల్ వ్యవసాయ శాఖ లోతుగా చూస్తే 53 రాష్ట్ర స్థాయి సంస్థల్లో 42 చోట్ల డేటా నాణ్యత లోపాలు బయటపడ్డాయి. 2015, 2016 సంవత్సరాలకు దేశవ్యాప్త తప్పుల రేటు ప్రకటించడమే మానేశారు.

ఇంటింటికీ వెళ్లే తనిఖీ ఉన్నా, ఫలితాన్ని బట్టి డబ్బు పోయేది తనిఖీ చేసేవారిదే అయితే ఇలా ఉంటుంది. మస్టరు రోల్ గారి దగ్గర వేరే సొసైటీ పెట్టింది అందుకే అనుకుంటాను.

#17 డేటా దాసు

అది పాత కథ అనుకోకండి. 2025 జులై చట్టం ప్రకారం 2028 ఆర్థిక సంవత్సరం నుంచి స్నాప్ తప్పుల రేటు 6 శాతానికి చేరిన రాష్ట్రం సాయంలో కొంత వాటా తానే భరించాలి. 5 శాతంతో మొదలై 15 దాకా. కొన్ని రాష్ట్రాలకు అది వందల కోట్ల రూపాయల్లో కాదు, వందల మిలియన్ల డాలర్లలో ఉంటుంది. ఆ ఒత్తిడి నేరుగా నమూనా కేసులు చూసే ఉద్యోగి బల్ల మీదకే వస్తుంది.

#18 గోరింటాకు

ఇంకో సంగతి కూడా చేర్చండి. లెక్క పంపవలసిన బరువు రాష్ట్రం మీది నుంచి మనిషి మీదకు జరిగితే ఏమవుతుందో అర్కన్సాలో చూశాం. 2018లో అక్కడ వైద్య సాయం మెడికెయిడ్‌కు నెలకు 80 గంటల పని షరతు పెట్టారు. ఎవరి గంటలు వారే ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఆ వెబ్‌సైటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా మూసి ఉండేది. పగలంతా పని చేసి వచ్చేవాళ్లు ఇక ఎప్పుడు చేయాలి? నెలల్లోనే 18,000 మందికి పైగా బీమా పోయింది. తర్వాత పరిశోధకులు చూస్తే షరతు వర్తించినవారిలో అత్యధికులు అప్పటికే పని చేస్తున్నవారో, మినహాయింపుకు అర్హులో. 2019 మార్చిలో ఫెడరల్ న్యాయస్థానం దాన్ని ఆపింది. ఇప్పుడు అదే 80 గంటల షరతు 2027 జనవరి నాటికి దేశంలోని చాలా రాష్ట్రాలకు రాబోతోంది.

నివేదిక రాలేదన్నది ఒక సంగతి. పని చేయలేదన్నది వేరే సంగతి. తెర మీద రెండింటికీ ఒకే కోడు.

#19 చలిమంట

మిసిసిపీ గురించి ఎవరూ ఎత్తలేదేం?

#20 కృష్ణాతీరం

అది గంటల లెక్క కాదు, సొమ్ము లెక్క, అందుకే. 2020లో ఆ రాష్ట్ర ఆడిటరు బయటపెట్టాడు. కనీసం 7.7 కోట్ల డాలర్ల సంక్షేమ నిధులు దారి తప్పాయి. అందులో 50 లక్షలు ఒక విశ్వవిద్యాలయం వాలీబాల్ ప్రాంగణానికి. ఆ శాఖ మాజీ డైరెక్టరు 2022లో నేరం ఒప్పుకున్నాడు. నగదు సాయం కాకుండా మిగతా పద్దుల కింద పెట్టే ఖర్చుకు, దాని వల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో రాష్ట్రాలు చెప్పవలసింది చాలా తక్కువ. కుటుంబం గంటలకేమో అరగంటతో సహా కాగితం.

#21 నీటిబొట్టు

అందరికీ కృతజ్ఞతలు. ర్యాంకుల ఆలోచన తీసేశాను. బదులుగా సెన్సస్ సర్వేతో గానీ, యజమానులు పంపే వేతన రికార్డులతో గానీ పోల్చి చూస్తే సరిపోతుందా?

#22 లెక్కల మాస్టారు

పోల్చండి, కాని వాటినీ ప్రమాణంగా తీసుకోకండి. సర్వేల్లో సాయం తీసుకున్న సంగతి చాలామంది చెప్పరు. ప్రభుత్వం ఇచ్చిన టానిఫ్ సొమ్ములో దాదాపు సగమే ప్రధాన సర్వేలో కనిపిస్తుందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఇక నిరుద్యోగ బీమా కోసం యజమానులు పంపే వేతన రికార్డులు గట్టివే. రాష్ట్రం లక్ష్యంతో యజమానికి సంబంధం లేదు. కాని వాటిలో మూడు నెలల సంపాదన ఉంటుంది, గంటలు ఉండవు, వాషింగ్టన్, ఒరెగాన్ లాంటి కొన్ని చోట్ల తప్ప. డేటా దాసు గారు చెప్పిన పాచిపని తల్లి అందులోనూ లేదు.

2023 చట్టం ఇంకొక మార్గం తెరిచింది. పథకం నుంచి బయటకు వెళ్లినవారిలో, వెళ్లాక రెండో త్రైమాసికంలో ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారు, నాలుగో త్రైమాసికానికి నిలిచారా, సంపాదన ఎంత అన్నవి రాష్ట్రాలు చూపాలి. అవి ప్రధానంగా వేతన రికార్డుల నుంచి వస్తాయి కాబట్టి గంటల కంటే వాటిని నేను ఎక్కువ నమ్ముతాను. ఒకే రాష్ట్రాన్ని తీసుకుని, అది చూపిన పని శాతాన్నీ ఈ అంకెలనూ పక్కపక్కన పెట్టండి.

#23 మస్టరు రోల్

వీలైతే పది మంది తల్లులతో కూడా మాట్లాడమ్మా. పేపరుకు సరిపోయినా సరిపోకపోయినా.

#24 నీటిబొట్టు

మా విశ్వవిద్యాలయంలో అలాంటి ఇంటర్వ్యూలకు ముందుగా అనుమతి తీసుకోవాలండి. దరఖాస్తు ఈ వారమే పెడతాను. గోరింటాకు గారూ, ప్రశ్నలు రాశాక మీకు పంపితే ఒకసారి చూసిపెడతారా? ఇంకొక్క చిక్కు. ఇద్దరు తల్లిదండ్రుల కుటుంబాల వరస చాలా రాష్ట్రాలకు ఖాళీగా ఉంది. డేటా పోయిందా?

#25 గోరింటాకు

తప్పకుండా పంపండి. సాయంత్రం ఆరు తర్వాత చూస్తాను.

#26 డేటా దాసు

పోలేదు. ఆ 90 శాతం లక్ష్యం అందుకోవడం అసాధ్యమని తెలిసి, ఎన్నో రాష్ట్రాలు ఆ కుటుంబాలకు ఫెడరల్ పథకంతో సంబంధం లేకుండా పూర్తిగా సొంత నిధుల నుంచి సాయం ఇస్తున్నాయి. అప్పుడు లక్ష్యం వాటికి వర్తించదు. ఖాళీ గడిని సున్నాగా టైపు చేయకండి, సగటు మొత్తం తారుమారవుతుంది. ఆ కుటుంబాల వివరాలు కావాలంటే రాష్ట్ర బడ్జెటు పత్రాల్లో వెతకాలి.